సిడ్నీ టెస్టు అయిదో రోజు టికెట్

2020 నవంబరులో మన జట్టు ఆస్ట్రేలియా టూర్ షెడ్యూలు చూడగానే నేను చేసిన మొదటి పని ఆఫీసులో లీవులు ఎన్ని మిగిలాయో చూసుకోవడం. మూడు వన్డేలు, మూడు టీ20లు, నాలుగు టెస్టులు. వాటిలో రెండు వన్డేలు, రెండు టీ20లు, ఒక టెస్టు నేనుండే సిడ్నీలోనే. మిగిలిన వన్డే, టీ20 కాన్‌బెర్రాలో, అంటే కారులో మూడు గంటల దారి. అడిలైడ్, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ టెస్టులకు మాత్రం విమానం ఎక్కాలి. మూడు ఫార్మాట్లనూ ఒకే టూర్‌లో, అదే జట్టు వెంట తిరుగుతూ, గ్రౌండ్‌లో కూర్చుని చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. కరోనా వల్ల సగమే తీరింది. కానీ ఆ సగంలోనే నా జీవితంలో చూసిన అన్నిటికన్నా గొప్ప ఆట ఉంది. అందులో ఎవరూ గెలవలేదు.

మ్యాచ్‌లు మొదలు కాకముందే ఈ టూర్ మా ఇళ్లలోకి వచ్చేసింది. జట్టు నవంబరు 12న సిడ్నీలో దిగి క్వారంటైన్‌లో ఉంది. ప్రాక్టీసు బ్లాక్‌టౌన్ గ్రౌండ్‌లో. అది మా తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పడమటి వైపే. నవంబరు 20న హైదరాబాద్‌లో మహమ్మద్ సిరాజ్ తండ్రి మహమ్మద్ గౌస్ చనిపోయారు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ని చేసిన మనిషి. ఇంటికి వెళ్లమని బోర్డు చెప్పినా సిరాజ్ వెళ్లలేదు, జట్టుతోనే ఉండిపోయాడు. ఆ వారం మా వాట్సాప్ గ్రూపుల్లో క్రికెట్ స్కోర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏడాది ఇక్కడున్న మాలో చాలామంది ఇంట్లో ఎవరైనా పోతే ఫోన్‌లో చూసుకుని ఏడ్చినవాళ్లమే. విమానాలు లేవు, వెళ్తే తిరిగి రాలేం. అందుకే ఆ కుర్రాడు హోటల్ గదిలో ఒంటరిగా ఎలా ఉన్నాడో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తొలి వన్డే నవంబరు 27, శుక్రవారం. సెంట్రల్ స్టేషన్ దగ్గర ట్రామ్ ఎక్కి మూర్ పార్క్‌లో దిగేసరికి రోడ్డంతా నీలం చొక్కాలు. 1992 ప్రపంచకప్‌లో వేసుకున్న ముదురు నీలం జెర్సీని పోలిన జెర్సీతో మనవాళ్లు దిగుతున్నారని తెలిసి, కొందరు అప్పటికే కొనేశారు. స్టేడియంలో సగం సీట్లకే టికెట్లు ఇచ్చారు. అయినా ఆ సగంలో ఎక్కువమంది మనవాళ్లే. నెలల తరబడి ఇంట్లో మగ్గి, ఒక్కసారిగా అంతమంది మధ్య కూర్చోవడం ఎంత హాయిగా అనిపించిందో. ఆట మాత్రం హాయిగా సాగలేదు. ఫించ్ 114, స్మిత్ 66 బంతుల్లో 105. ఆస్ట్రేలియా 374 కొట్టింది. హార్దిక్ పాండ్యా 90 కొట్టినా 66 పరుగులతో ఓడిపోయాం. ఓవర్లు ఎంత నెమ్మదిగా పడ్డాయంటే ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆదివారం రెండో వన్డేలోనూ స్మిత్ మళ్లీ సెంచరీ, 64 బంతుల్లో 104. ఈసారి 389. మళ్లీ ఓటమి, సిరీస్ కూడా పోయింది.

కాన్‌బెర్రాకు బుధవారం లీవు పెట్టి వెళ్లాం. తెల్లవారగానే పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని ముగ్గురం ఒకే కారులో బయలుదేరాం. గోల్బర్న్‌లో ఆగి కాఫీ తాగడం, ఆ తర్వాత లేక్ జార్జ్ పక్కన కిలోమీటర్ల తరబడి ఖాళీ మైదానం, ఇవన్నీ ఆ దారిలో వెళ్లే ప్రతివాళ్లకీ తెలిసినవే. మనుకా ఓవల్ చిన్న గ్రౌండు. చుట్టూ చెట్లు, బౌండరీకి అంత దగ్గరగా కూర్చుని అంతర్జాతీయ మ్యాచ్ చూడటం నాకు అదే మొదటిసారి. 152కే అయిదు వికెట్లు పడ్డాక హార్దిక్, జడేజా విడిపోకుండా 150 పరుగులు జోడించారు. హార్దిక్ 92, జడేజా 66, ఇద్దరూ నాటౌట్. 13 పరుగులతో గెలిచాం. తమిళనాడు నుంచి నెట్ బౌలర్‌గా, అంటే ప్రాక్టీసులో బంతులు వేయడానికి వచ్చిన నటరాజన్‌కు అదే తొలి మ్యాచ్. మా ముందు బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే తమిళ కుర్రాళ్లు కొందరు పేరు పెట్టి పిలిచారు. అతను వెనక్కి తిరిగి చూసి, మొహమాటంగా నవ్వి, మళ్లీ ఆటలోకి వెళ్లిపోయాడు. ఆ మనిషే తర్వాత టీ20ల్లో ఆడి, బ్రిస్బేన్‌లో టెస్టు కూడా ఆడేశాడు. ఒకే టూర్‌లో మూడు ఫార్మాట్లలోనూ అరంగేట్రం చేసిన భారతీయుడు అంతకుముందు లేడు.

టీ20ల గురించి పెద్దగా రాయను. రెండు గెలిచాం, ఒకటి ఓడాం, సిరీస్ మనదే. సిడ్నీలో 195 లక్ష్యాన్ని హార్దిక్ చివరి ఓవర్లో సిక్సర్లతో ముగించినప్పుడు గొంతు పోయేలా అరిచాం. బాగుంది. కానీ మర్నాటికి ఏ ఓవర్లో ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. ఇది నాకే కాదు, వెంట వచ్చిన స్నేహితులకూ అంతే.

అడిలైడ్ డే నైట్ టెస్టుకు వెళ్లలేకపోయాను, ఇంట్లో టీవీలో చూశాను. డిసెంబరు 19న జరిగింది అందరికీ తెలుసు. 36 ఆలౌట్. మన టెస్టు చరిత్రలోనే అత్యల్ప స్కోరు. హేజిల్‌వుడ్ 8 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఒక్కరు కూడా రెండంకెల స్కోరు చేయలేదు. ఆ రోజు సాయంత్రం కాకినాడ నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. ‘ఏరా, చూశావా’ అన్నారు. ‘చూశానండీ’ అన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. కోహ్లి బిడ్డ పుట్టే సమయానికి ఇంటికి వెళ్లిపోతున్నాడు, షమీకి చెయ్యి విరిగింది. ఇక మిగిలిన మూడూ ఓడిపోతామని ఆఫీసులో తోటివాళ్లు ముఖం మీదే అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సిడ్నీ నార్తర్న్ బీచెస్‌లో కరోనా కేసులు బయటపడ్డాయి. విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలు సిడ్నీవాళ్లకు సరిహద్దు మూసేశాయి. మెల్‌బోర్న్‌కు తీసుకున్న విమానం టికెట్లు, బాక్సింగ్ డే టెస్టు టికెట్లు పోయాయి. రహానే 112, సిరాజ్ తొలి టెస్టులో అయిదు వికెట్లు, ఎనిమిది వికెట్ల తేడాతో విజయం, అన్నీ సోఫాలో కూర్చునే చూశాను. గెలిచినందుకు ఎంత ఆనందమో, అక్కడ లేనందుకు అంత బాధ. ఒకదశలో మూడో టెస్టును కూడా సిడ్నీ నుంచి తీసేస్తారన్న వార్తలు వచ్చాయి. అదీ పోతే ఈ టూర్‌లో నేను గ్రౌండ్‌లో చూసే టెస్టు ఒక్కటీ ఉండదు. ఆ వారం పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

చివరికి సిడ్నీలోనే అన్నారు. కానీ స్టేడియంలో నాలుగో వంతు మందినే రానిస్తామని, ముందు అమ్మిన టికెట్లు రద్దు చేసి డబ్బు తిరిగిచ్చి, మళ్లీ కొత్తగా అమ్మారు. అందరూ తొలి మూడు రోజుల మీద పడ్డారు. నాకు దొరికినవాటిలో అయిదో రోజు ఉంది. ‘అయిదో రోజు దాకా మనవాళ్లు ఉంటారా’ అని ఇంట్లో అడిగారు. 36 చూసినవాళ్లు అలా అడగడంలో తప్పు లేదు. కానీ నాకు అయిదో రోజు మీద ఎప్పుడూ ఒక నమ్మకం. నాలుగు రోజులు దెబ్బలు తిన్న పిచ్, నాలుగు రోజులు అలసిన మనుషులు. మనిషి ఎలాంటివాడో అప్పుడే తెలుస్తుంది. మాస్కు తప్పనిసరి. ఇంకో నిబంధన కూడా పెట్టారు. కేసులున్న బెరాలా, ఆబర్న్ లాంటి కొన్ని పేటలవాళ్లు స్టేడియానికి రాకూడదు, వస్తే వెయ్యి డాలర్ల జరిమానా. కాన్‌బెర్రాకు మాతో వచ్చిన స్నేహితుడిది ఆబర్న్. నా పక్క సీటు అతనిదే. ‘నువ్వు వెళ్లు బావా, అక్కడి నుంచి వీడియో కాల్ చెయ్యి’ అన్నాడు. ఆ సీటు ఆ రోజంతా ఖాళీగానే ఉంది.

జనవరి 7న ఆట మొదలయ్యే ముందు జనగణమన పాడుతుంటే సిరాజ్ కళ్లు తుడుచుకోవడం టీవీలో చూపించారు. ఆ తర్వాతి రోజులు అతనికి ఇంకా కష్టంగా గడిచాయి. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే జనంలో కొందరు జాతిని ఎత్తి దూషించారు. మూడో రోజు జట్టు ఫిర్యాదు చేసింది. నాలుగో రోజు మళ్లీ అదే జరిగితే, సిరాజ్ నేరుగా అంపైర్ల దగ్గరికి నడిచి వెళ్లి చెప్పాడు. ఆట ఆగింది. పోలీసులు వచ్చి ఆరుగురిని బయటికి పంపారు. క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. ఇక్కడ ఏళ్లుగా ఉంటున్న మాకు అలాంటి మాటలు కొత్త కాదు. రైల్లో, దుకాణంలో, ఎక్కడో ఒకచోట ప్రతివాడూ విన్నవే. విని తల దించుకుని వెళ్లిపోతాం. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న, రెండో టెస్టు ఆడుతున్న కుర్రాడు అలా వెళ్లిపోలేదు. అందరి ముందూ నిలబడి చెప్పాడు. అతని మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం అయిదు వికెట్లు తీసినా కలిగేది కాదు.

అయిదో రోజు, జనవరి 11, సోమవారం. లక్ష్యం 407. మనం 98 పరుగులకు 2 వికెట్లు. జడేజా బొటనవేలు విరిగింది. పంత్ మోచేతికి దెబ్బ తగిలి కీపింగ్ కూడా చేయలేదు. అశ్విన్ ఆ ఉదయం నడుం నొప్పితో వంగి బూటు లేసు కట్టుకోలేకపోయాడని తర్వాత తెలిసింది. నేను సీట్లో సర్దుకునేలోపే రహానే లయన్ బౌలింగ్‌లో షార్ట్ లెగ్‌లో వేడ్‌కు దొరికిపోయాడు. మధ్యాహ్నానికే అయిపోతుందనుకున్నాను.

తర్వాత విహారి రావాలి. పంత్ వచ్చాడు. ఆస్ట్రేలియా కీపర్ పెయిన్ రెండుసార్లు అతని క్యాచ్ వదిలేశాడు. ఆ తర్వాత పంత్ లయన్‌ను ముందుకొచ్చి కొడుతుంటే, 118 బంతుల్లో 97 అయ్యేసరికి, గెలుస్తామేమో అన్న ఆశ స్టేడియం మొత్తంలో పాకింది. సెంచరీ కోసం మళ్లీ ముందుకొచ్చి కొట్టి ఔటయ్యాడు. అప్పుడు విహారి దిగాడు.

హనుమ విహారి పుట్టింది కాకినాడలో, అప్పట్లో ఆంధ్ర జట్టుకు కెప్టెన్. మాకు అది చాలు. కానీ ఆ టూర్‌లో అతనికి ఏదీ కలిసిరాలేదు. అడిలైడ్‌లో 16, 8. మెల్‌బోర్న్‌లో 21. ఇదే టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో 4 పరుగుల దగ్గర హేజిల్‌వుడ్ పడిపోతూ విసిరిన బంతికి రనౌట్. ‘ఇతన్ని తీసేయాలి’ అని పత్రికల్లో, టీవీల్లో అంటూనే ఉన్నారు. కాసేపటికే ఒక సింగిల్ కోసం పరుగెత్తాడు. సగం దాటాక అతని అడుగు మారింది. కుడి కాలు ఈడ్చుకుంటూ అవతలి క్రీజు చేరి, తొడ వెనక పట్టుకుని వంగిపోయాడు. ఫిజియో పరుగున వచ్చాడు. కండరం చిరిగిందన్న సంగతి మాకు అప్పుడు తెలియదు. నిలబడటమే కష్టంగా ఉందని మాత్రం అంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది. అంతలో కొత్త బంతితో హేజిల్‌వుడ్ పుజారాను బౌల్డ్ చేశాడు. 205 బంతులు ఆడి 77 కొట్టిన పుజారా వెళ్లిపోయాడు. 272కి 5. అశ్విన్ వచ్చాడు. నలభైకి పైగా ఓవర్లు మిగిలి ఉన్నాయి. వెనక జడేజా ఇంజెక్షన్ తీసుకుని ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఉన్నవాళ్లు సైనీ, సిరాజ్, బుమ్రా.

అక్కడి నుంచి జరిగింది స్కోరు కార్డులో చూస్తే ఏమీ కనబడదు. ఒకడికి కాలు కదలదు, ఒకడికి నడుం వంగదు. రోజు ముగిసేదాకా ఔటవకుండా ఉంటే డ్రా, అందుకే పరుగులు తీయడం దాదాపు మానేశారు. కమిన్స్ వేసిన బంతి అశ్విన్ పక్కటెముకలకు తగిలినప్పుడు ఆ చప్పుడు మాకు వినిపించిందని నేనన్నా నమ్మరు, స్టేడియం అంత ఖాళీగా, అంత నిశ్శబ్దంగా ఉంది. అశ్విన్ కాసేపు ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ స్టాన్స్ తీసుకున్నాడు. విహారి మాత్రం ప్రతి బంతికీ ఒకటే వరస. కుడి కాలి మీద బరువు పడకుండా నిలబడటం, తల బంతి మీదికి తేవడం, బ్యాటు నేరుగా దించడం, బంతి కాళ్ల దగ్గరే చచ్చి పడటం. మళ్లీ అదే. చుట్టూ ఆస్ట్రేలియా ఫీల్డర్లు గొడుగులా కమ్ముకుని ఉన్నారు, వాళ్ల మాటలు ఆగడం లేదు. వీళ్లిద్దరూ తమిళంలో మాట్లాడుకుంటున్నారని టీవీలో చూసినవాళ్లు చెప్పారు. విహారి చెన్నై లీగుల్లో చాలా ఆడాడు.

రెండు సీట్ల అవతల ఒక పెద్దాయన, ఆస్ట్రేలియన్, గడ్డి టోపీ పెట్టుకుని స్కోరు పుస్తకంలో ప్రతి బంతికీ ఒక చుక్క పెడుతున్నాడు. విహారి పేరు ముందు చుక్కల వరసలు పెరిగిపోతున్నాయి. ఓవరు మధ్యలో నన్ను అడిగాడు, ఈ అబ్బాయిది ఏ ఊరని. మా ఊరే అన్నాను. ఎక్కడుందని అడిగితే, బంగాళాఖాతం ఒడ్డున, ఓడరేవు ఉన్న ఊరని చెప్పాను. స్పెల్లింగ్ చెప్పమని, పుస్తకం అంచున కాకినాడ అని రాసుకున్నాడు. మా ఊరి పేరు ఆ పుస్తకంలోకి ఎక్కిందన్న ఆనందం మాటల్లో చెప్పలేను.

టీ విరామానికి 280కి 5. నాన్నగారికి ఫోన్ చేశాను. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర దాటింది. తెల్లవారుజామున అయిదింటి నుంచి టీవీ ముందే ఉన్నారట. పండక్కి వచ్చిన చుట్టాలతో ఇల్లంతా గోల. ‘ఒరేయ్, కుంటుతున్నాడురా పాపం. టీవీలో దగ్గరగా చూపిస్తున్నారు. నీకు కనిపిస్తోందా?’ అన్నారు. ‘కనిపిస్తోందండీ’ అన్నాను. ‘ఔటవడు చూడు’ అన్నారు. పొద్దున్నుంచి మంచం దిగి టిఫిన్ కూడా చేయలేదని వెనక నుంచి అమ్మ కేకలు.

ఆఖరి సెషన్‌లో జనం పరుగులకు చప్పట్లు కొట్టడం మానేసి, కాచుకున్న బంతులకు కొట్టడం మొదలుపెట్టారు. ముందు మన మాస్కుల గుంపులే. తర్వాత ఆస్ట్రేలియా వాళ్లూ కలిశారు. ఓవరు అయిపోతే ఏదో వికెట్ పడ్డంత హడావుడి. స్టార్క్ బౌలింగ్‌లో విహారి బ్యాటు అంచుకు తగిలి బంతి పెయిన్ వైపు వెళ్లినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. గోల విని తెరిచాను. పెయిన్ మళ్లీ వదిలేశాడు. అప్పుడు నా చేతులు ఎంత వణికాయంటే ఆబర్న్ స్నేహితుడికి మెసేజ్ కూడా టైప్ చేయలేకపోయాను.

ఒక ఓవరు మిగిలి ఉండగా చేతులు కలుపుకున్నారు, మ్యాచ్ డ్రా. 334కి 5. విహారి 161 బంతుల్లో 23, అశ్విన్ 128 బంతుల్లో 39. విడిపోకుండా ఆడినవి 259 బంతులు, జోడించినవి 62 పరుగులు. నాలుగో ఇన్నింగ్స్‌లో 131 ఓవర్లు ఆడాం. పెద్దాయన పుస్తకం మూసి, టోపీ తీసి, నిలబడి చప్పట్లు కొట్టాడు. వన్డేల్లో, టీ20ల్లో ఎన్ని సిక్సర్లు చూశానో, అరుపులు ఎన్ని అరిచానో. వాటిలో ఒక్కటీ ఆ చుక్కల వరసకు సాటి రాదు. గెలవలేని రోజున ఓడిపోకుండా ఉండటానికి ఒక మనిషి ఒంటి కాలి మీద గంటల తరబడి నిలబడ్డాడు. విహారి మళ్లీ ఆ టూర్‌లో ఆడలేదు.

బ్రిస్బేన్‌కు వెళ్లే దారి ఎలాగూ లేదు. సిడ్నీలో ఇంటికి అయిదుగురికి మించి చుట్టాలు, స్నేహితులు రాకూడదన్న నిబంధన ఉండటంతో, ఆబర్న్ స్నేహితుడి ఇంట్లో కొద్దిమందిమే చేరాం. 1988 తర్వాత బ్రిస్బేన్ గ్రౌండు గబ్బాలో ఆస్ట్రేలియాను ఎవరూ ఓడించలేదు. బుమ్రా లేడు, అశ్విన్ లేడు, జడేజా లేడు. రెండే టెస్టులు ఆడిన సిరాజ్ బౌలింగ్ దళానికి పెద్ద. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులిచ్చి 5 వికెట్లు తీసి, బంతి పైకెత్తి చూపిస్తూ బయటికి వస్తుంటే మా స్నేహితుడు లేచి టీవీకి దణ్ణం పెట్టాడు. జనవరి 19న గిల్ 91, పుజారా ఒళ్లంతా దెబ్బలు కాసుకుంటూ 211 బంతుల్లో 56, పంత్ 89 నాటౌట్. 329కి 7. సిరీస్ 2-1. అందరూ పంత్ కొట్టిన చివరి ఫోర్ గురించి మాట్లాడుతుంటే నాన్నగారు ఫోన్‌లో అన్నారు: ‘సిడ్నీలో ఆ ఇద్దరూ నిలబడకపోతే దీనికి ఈ విలువ ఎక్కడిదిరా.’ లెక్క చూసినా అంతే. అక్కడ ఓడి ఉంటే బ్రిస్బేన్ గెలుపుతో సిరీస్ సమం అయ్యేది, అంతే.

అప్పటి నుంచి మన జట్టు టెస్టులకు ఇటు వస్తే నేను ముందు అయిదో రోజు టికెట్ సంగతే చూస్తాను. 2024 డిసెంబరు 30న మెల్‌బోర్న్‌లోనూ అలాగే వెళ్లాను. రెండు రోజుల ముందు అదే గ్రౌండ్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు. అతను 99 దగ్గర ఉండగా అవతల నిలబడి కమిన్స్ బంతులు కాచుకున్నది మళ్లీ మన సిరాజే. ఆ అయిదో రోజు మాత్రం టీ తర్వాత మనవాళ్లు నిలబడలేకపోయారు. చివరి ఏడు వికెట్లు 34 పరుగులకే పడిపోయాయి. జైస్వాల్ 84 దాకా పోరాడినా 184 పరుగులతో ఓడిపోయాం. డెబ్బై వేలకు పైగా జనం మధ్య ఆఖరి బంతి దాకా కూర్చున్నాను. ఈసారి ఆబర్న్ స్నేహితుడు కూడా పక్క సీట్లో ఉన్నాడు.